మహమ్మారి వెనుక వచ్చే నిమ్ము – న్యుమోకోకల్ టీకా గురించి సభ్యులు తెలుసుకొనవలసిన విషయాలు

సభ్యులందరికీ తెలిసిన ఒక సంగతితో మొదలుపెడతాము. గొంతువాపు వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి ఎప్పుడూ బయటినుండే వచ్చి పడదు. ఆరోగ్యంగా కనబడే కొన్ని పశువుల గొంతులోనే అది దాగి ఉంటుంది. పశువు బలంగా ఉన్నంతకాలం దాని ఆటలు సాగవు. తొలకరి వానకు తడిసి, మేత మారి, దూరం నడిచి అలసి, లేదా మరొక జబ్బు చేసి పశువు నీరసించినప్పుడు అది విజృంభిస్తుంది. సాయంత్రం పాలిచ్చిన గేదె తెల్లవారేసరికి గురక పెడుతూ పడిపోవడం మనలో చాలామంది చూసినదే. అందుకే వానలకు ముందుగానే టీకా వేయిస్తున్నాము. జబ్బు ముదిరిన తరువాత టీకా వేయించి ప్రయోజనం లేదు.

సరిగా ఇటువంటి కథే మనుషులలోనూ జరుగుతుంది. మన ఇండ్లలోని చిన్నపిల్లల ముక్కు వెనుక, గొంతులో న్యుమోకోకస్ అనే సూక్ష్మజీవి చాలా తరచుగా కాపురముంటుంది. పెద్దవారిలో కూడ కొందరికి ఉంటుంది. మామూలు రోజులలో దానివలన బాధ ఏమీ ఉండదు. కాని ఏదైనా వైరస్ వచ్చి శ్వాసనాళాలను దెబ్బతీసినప్పుడు అది ఊపిరితిత్తులలోకి దిగుతుంది. దానినే మనము నిమ్ము చేసిందని, డాక్టర్లు న్యుమోనియా అని అంటారు. అదే సూక్ష్మజీవి రక్తంలోకి పోతే రక్తం విషమించడం, మెదడు పొరలకు పోతే మెదడువాపు, చెవిలోకి పోతే చీము కారడం జరుగుతాయి.

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పటినుండి సభ్యుల నోట ఒక ప్రశ్న వినబడుతూ ఉన్నది. "కోవిడ్ టీకా వేయించుకున్నాము గదా, మళ్ళీ ఈ నిమ్ము టీకా ఎందుకు?" అని కొందరంటారు. "నిమ్ము టీకా వేయించుకుంటే కోవిడ్ కూడ రాదట గదా!" అని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలూ సరియైనవి కావు. ఎందుకు కావో ఈ వ్యాసంలో వివరిస్తాము.

ముందు వైరస్, వెనుక సూక్ష్మజీవి

మన శ్వాసనాళాల లోపలి గోడలకు కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. అది ఎల్లప్పుడూ కదులుతూ లోపలికి వచ్చిన దుమ్మును, సూక్ష్మజీవులను చీమిడితో సహా పైకి నెట్టివేస్తుంది. ఫ్లూ వంటి వైరస్ సోకినప్పుడు ఈ నూగు ఉన్న పొర దెబ్బతిని ఊడిపోతుంది. ఊడిన చోట పచ్చి పుండు వంటిది ఏర్పడుతుంది. అక్కడ న్యుమోకోకస్ సులభంగా అంటుకుంటుంది. అదే సమయంలో శరీరంలోని రక్షక కణాలు వైరస్‌తో పోరాడుతూ ఉంటాయి గనుక ఈ రెండవ శత్రువును అదుపు చేయలేకపోతాయి.

గాలికుంటు వచ్చిన పశువు విషయంలో ఏమి జరుగుతుందో జ్ఞాపకం చేసుకోండి. వైరస్ వలన నోటిలో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి. ఆ పుండ్లలో చీము పట్టడం, పురుగులు పడడం వైరస్ చేసే పని కాదు. వైరస్ తలుపు తెరిచిపెట్టగా మరొకటి లోపలికి వస్తుంది. మనుషుల ఊపిరితిత్తులలో కూడ ఇంతే.

ఫ్లూ తరువాత వచ్చే నిమ్ముకు ఒక లక్షణం ఉన్నది. రోగి నాలుగైదు రోజులు జ్వరపడి, కొంత తేరుకున్నట్లు కనబడి, ఆ తరువాత మళ్ళీ చలిజ్వరంతో, ఆయాసంతో పడకెక్కుతాడు. "తగ్గింది గదా" అని పొలానికో, పాల కేంద్రానికో బయలుదేరిన మనిషికే ఇది ఎక్కువ ప్రమాదం.

1918 చెప్పిన పాఠం

1918లో ప్రపంచాన్ని చుట్టిన ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి ఆ ఏడాది జూన్‌లో బొంబాయి రేవు ద్వారా మన దేశంలో ప్రవేశించింది. మొదటి విడత కొంత తేలికగా పోయింది. సెప్టెంబరునుండి వచ్చిన రెండవ విడతలో జనం పిట్టలవలె రాలిపోయారు. మన దేశంలోనే కోటిమందికి పైగా మరణించారని అంచనా. ఆనాటికి పెన్సిలిన్ వంటి మందులు లేవు. వైరస్ అనేది ఎట్లా ఉంటుందో కూడ ఎవరూ చూచియుండలేదు.

ఆ రోజులలో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కలు అమెరికాలో భద్రపరచి ఉంచారు. 2008లో శాస్త్రజ్ఞులు 58 మందికి చెందిన అటువంటి ముక్కలను మళ్ళీ పరీక్షించారు. దానితోపాటు ఆ కాలంలో ప్రచురించిన 8 వేలకు పైగా శవపరీక్షల వివరాలను కూడ చూశారు. మరణించినవారిలో అత్యధికులకు వైరస్ వెనుక సూక్ష్మజీవుల వలన వచ్చిన నిమ్మే మరణకారణమై ఉండవచ్చునని తేల్చారు. ఆ సూక్ష్మజీవులలో న్యుమోకోకస్ ముఖ్యమైనది.

"ఇప్పుడు మందులు ఉన్నాయి గదా" అని అనుకోవచ్చు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికాలో చనిపోయిన 77 మంది నమూనాలను పరీక్షించారు. 22 మందిలో సూక్ష్మజీవులు కూడ సోకినట్లు తేలింది. ఆ 22 మందిలో 10 మందికి సోకినది న్యుమోకోకస్. మందులు ఉన్న కాలంలో కూడ ఈ తోడుదొంగ తన పని తాను చేసుకుంటూనే ఉన్నది.

కోవిడ్ కాలంలో ఏమి జరిగింది?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఫ్లూకు, కోవిడ్‌కు తేడా ఉన్నది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారిలో ఆ సమయానికే సూక్ష్మజీవుల నిమ్ము కూడ ఉన్నవారు ఫ్లూలో కంటే తక్కువ. కోవిడ్‌లో ఊపిరితిత్తులకు జరిగే నష్టం చాలావరకు ఆ వైరస్ వలన, దానికి శరీరం అతిగా స్పందించడం వలన జరుగుతుంది. నిమ్ము టీకా కోవిడ్ వైరస్‌ను అడ్డుకొనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే స్పష్టంగా చెప్పింది. గాలికుంటు టీకా గొంతువాపును ఆపదు. గొంతువాపు టీకా గాలికుంటును ఆపదు. ఏ తాళానికి ఆ తాళం చెవే.

అయినా శ్వాస సంబంధమైన ఇతర వ్యాధుల టీకాలు వేయించుకోవడం ఎంతో మంచిదని అదే సంస్థ చెప్పింది. అందుకు కారణాలు ఉన్నాయి. ఇంగ్లండులో 2020లో కోవిడ్, తీవ్రమైన న్యుమోకోకల్ వ్యాధి రెండూ కలిసి వచ్చినవారు కొద్దిమందే. కాని ఆ కొద్దిమందిలో సగానికి పైగా మరణించారు. రెండవ కారణం, మహమ్మారి కాలంలో ఆసుపత్రి మంచం దొరకడమే కష్టం. టీకాతో ఆపగలిగిన జబ్బుతో ఒక మనిషి ఆసుపత్రికి పోకుండా ఉంటే ఆ మంచం, ఆ ఆక్సిజన్ మరొకరి ప్రాణం నిలుపుతాయి. 2021 ఏప్రిల్, మే నెలలలో ఆక్సిజన్ కోసం జనం పడిన పాట్లు మనము మరచిపోలేదు.

ఇజ్రాయెల్ దేశంలో ఆ రోజులలో మరొక విచిత్రం బయటపడింది. అందరూ ఇళ్ళలో ఉండడం, మాస్కులు కట్టడం వలన ఫ్లూ, ఆర్.ఎస్.వి. వంటి మామూలు వైరస్‌లు దాదాపు కనబడకుండా పోయాయి. చిన్నపిల్లలలో న్యుమోకోకల్ వ్యాధులు కూడ బాగా తగ్గాయి. సూక్ష్మజీవి కూడ పోయిందేమోనని పిల్లల ముక్కులను పరీక్షిస్తే అది ఇంచుమించు ఎప్పటివలెనే ఉన్నది. అనగా సూక్ష్మజీవి ఇంట్లోనే ఉన్నది, దానికి తలుపు తీసే వైరస్‌లు మాత్రం లేవు.

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో 65 ఏళ్ళు పైబడినవారిని పరిశీలించినప్పుడు, 13 రకాల నిమ్ము టీకా వేయించుకున్నవారిలో కోవిడ్‌తో ఆసుపత్రి పాలైనవారు సుమారు మూడోవంతు తక్కువగా కనబడ్డారు. అయితే ఇది పరిశీలన మాత్రమే. టీకాలు శ్రద్ధగా వేయించుకునేవారు ఇతర జాగ్రత్తలు కూడ పాటిస్తారు. కాబట్టి దీనిని పట్టుకొని కోవిడ్ టీకా అక్కరలేదని ఎవరూ అనుకొనరాదు.

టీకా ఎట్లా పనిచేస్తుంది?

న్యుమోకోకస్‌ను 1881లో ఫ్రాన్స్‌లో పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ వేరువేరుగా గుర్తించారు. ఈ సూక్ష్మజీవి చుట్టూ చక్కెర పదార్థంతో అయిన ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఉండడం వలననే రక్షక కణాలు దానిని పట్టుకోలేవు. తొడుగులను బట్టి ఇందులో 90కి పైగా రకాలు ఉన్నాయి. ఎక్కువ హాని చేసే కొన్ని రకాల తొడుగులను తీసి టీకా తయారుచేస్తారు. అందుకే టీకాలకు 10 రకాలది, 13 రకాలది, 23 రకాలది అని పేర్లు వచ్చాయి.

అమెరికాలో 1977లో 14 రకాల టీకాకు, 1983లో 23 రకాల టీకాకు అనుమతి లభించింది. వీటిలో తొడుగు చక్కెర మాత్రమే ఉంటుంది. పెద్దవారికి ఇవి పనిచేస్తాయి కాని రెండేళ్ళలోపు పిల్లలకు పనిచేయవు. పసివారి శరీరం వట్టి చక్కెర తొడుగును శత్రువుగా గుర్తించలేదు. అందుచేత ఆ చక్కెరకు ఒక మాంసకృత్తును జతచేశారు. తప్పిపోయే దూడ మెడకు గంట కట్టినట్లే ఇది. గంట మ్రోగితే మనము అటు చూస్తాము. మాంసకృత్తు జతపడితే పసిబిడ్డ శరీరం కూడ శత్రువును గుర్తుపట్టి జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఇటువంటి జత టీకా మొదటిసారి అమెరికాలో 2000లో వాడుకలోకి వచ్చింది.

దీనివలన మరొక మేలు జరిగింది. జత టీకా వేసిన పిల్లల ముక్కులలో టీకాలోని రకాల సూక్ష్మజీవులు తగ్గిపోయాయి. దానితో టీకా వేయించుకొనని తాతలు, అవ్వలలో కూడ ఆ రకాల జబ్బు తగ్గింది. మనుమడికి వేసిన టీకా తాతను కూడ కాపాడింది.

వైరస్‌కు, ఈ సూక్ష్మజీవికి ఉన్న పొత్తును దక్షిణాఫ్రికాలోని సొవెటోలో జరిగిన ప్రయోగం అందరికంటే బాగా నిరూపించింది. అక్కడ సుమారు 37 వేల మంది పసిపిల్లలలో సగం మందికి 9 రకాల జత టీకా, మిగిలినవారికి ఉత్త మందు ఇచ్చారు. 2004లో ఫలితాలు ప్రకటించారు. శ్వాస సంబంధమైన వైరస్‌లు సోకి నిమ్ముతో ఆసుపత్రిలో చేరడం టీకా వేసిన పిల్లలలో 31 శాతం తగ్గింది. టీకాలో వైరస్‌ను చంపేది ఏదీ లేదు. అయినా వైరస్ జబ్బుతో ఆసుపత్రి పాలవడం తగ్గిందంటే, ఆ పిల్లలను ఆసుపత్రికి చేర్చుతున్నది వైరస్ ఒక్కటే కాదని, దాని వెనుక వచ్చే న్యుమోకోకస్ కూడనని అర్థమైంది.

మన దేశంలో ఈ టీకా

మన దేశంలో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఈ టీకాను 2017 మే నెలలో హిమాచల్ ప్రదేశ్‌లోను, బీహార్, ఉత్తర ప్రదేశ్‌లలోని కొన్ని జిల్లాలలోను ప్రారంభించారు. తరువాత మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో మొదలైంది. విదేశీ టీకా ఖరీదు ఎక్కువ కావడం వలన చాలాకాలం అక్కడే ఆగిపోయింది. పూనేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన 10 రకాల టీకా 2020 డిసెంబరులో విడుదల అయిన తరువాత దారి సుగమమైంది. దేశమంతటా ఇస్తామని 2021 బడ్జెట్‌లో ప్రకటించి, ఆ సంవత్సరమే అన్ని రాష్ట్రాలకు విస్తరించారు. మన తెలుగు రాష్ట్రాలలో కూడ 2021లోనే మొదలైంది. అనగా ఈ టీకా మన పల్లెలకు చేరినది మహమ్మారి నడుమనే.

కాని అదే మహమ్మారి మరొక నష్టం కలిగించింది. 2020 మార్చి 25నుండి లాక్‌డౌన్ మొదలయినప్పుడు అనేక గ్రామాలలో టీకాల రోజులు జరగలేదు. జరిగిన చోట కూడ భయపడి తల్లులు బిడ్డలను తీసుకుపోలేదు. కోరింతదగ్గు, కంఠసర్పి, ధనుర్వాతాలకు వేసే టీకా మొదటి డోసు కూడ అందని పిల్లలు మన దేశంలో 2019లో సుమారు 14 లక్షలు కాగా 2020లో సుమారు 30 లక్షలకు పెరిగారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ లెక్కవేశాయి. ఒక జబ్బుకు భయపడి నాలుగు జబ్బులకు తలుపు తెరిచినట్లయింది. లాక్‌డౌన్‌లో కూడ మనము పశువుకు మేత మానలేదు, పాలు పితకడం మానలేదు. బిడ్డ టీకా కూడ అటువంటి ఆపరాని పనే.

సభ్యుల ఇండ్లలో ఎవరికి, ఎప్పుడు?

పసిపిల్లలకు: 6 వారాలకు ఒకటి, 14 వారాలకు ఒకటి, 9 నెలలు నిండిన తరువాత బూస్టరు ఒకటి. మొత్తం మూడు డోసులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను, గ్రామంలో టీకాల రోజున ఎ.యన్.యం. వద్దను పూర్తిగా ఉచితం. డోసు తప్పిపోతే "ఆలస్యమైంది, ఇక వద్దు" అని అనుకోకుండా వెంటనే ఎ.యన్.యం.ను అడగవలెను. సూది వేసిన చోట ఎర్రబడడం, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. భయపడనక్కరలేదు.

పెద్దవారికి: 65 ఏళ్ళు పైబడినవారు, వయసు తక్కువైనా చక్కెర వ్యాధి, ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు, గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు ఉన్నవారు, ప్లీహం తీసివేసినవారు, బీడీ, చుట్ట, సిగరెట్ త్రాగేవారు డాక్టరును సంప్రదించవలెను. ఏ టీకా, ఎన్నిసార్లు అన్నది వయసును, జబ్బును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. పెద్దలకు ఇది పిల్లల కార్యక్రమంలో వలె ఉచితం కాదు, ఖరీదు ఎక్కువే. కాని నిమ్ము చేసి ఆసుపత్రిలో పది రోజులు పడుకుంటే ఒక పాడిగేదె ఖరీదు పోవచ్చు. మనిషి పోతే ఆ లెక్కే లేదు.

టీకా వేయించుకున్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు. కోవిడ్, ఫ్లూ టీకాల విషయం డాక్టరు సలహాపై వేరుగా చూసుకొనవలెను. పిడకల పొయ్యి పొగ పసిబిడ్డకు తగలనీయరాదు. దగ్గు ఉన్నవారు పాల కేంద్రం వరుసలో నోటికి గుడ్డ కట్టుకొనవలెను. మామూలు జలుబుకు మందుల దుకాణంలో యాంటీబయాటిక్ బిళ్ళలు కొని మింగరాదు. అవి వైరస్‌పై పనిచేయవు. అనవసరంగా వాడితే అవసరమైన రోజున సూక్ష్మజీవిపై కూడ పనిచేయకుండా పోవచ్చు.

నిమ్ము గుర్తులు

బిడ్డ నిశ్చలంగా ఉన్నప్పుడు ఒక నిమిషం పూర్తిగా గడియారం చూచి శ్వాస లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు గాని అంతకు మించి గాని, రెండు నెలలనుండి ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు గాని అంతకు మించి గాని, ఏడాది నుండి ఐదేళ్ళలోపు బిడ్డ 40 సార్లు గాని అంతకు మించి గాని శ్వాస తీస్తుంటే నిమ్ముగా అనుమానించవలెను. డొక్కలు ఎగరవేయడం, పాలు త్రాగలేకపోవడం, మగతగా ఉండడం, పెదవులు నీలిరంగుకు తిరగడం ప్రమాద సూచనలు. నాటుమందులతో, కాల్పులతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ముసలివారిలో జ్వరం ఎక్కువగా లేకుండానే నిమ్ము రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసపడడం, ఛాతీలో పోటు, తికమకగా మాట్లాడడం, అన్నం మానివేయడం కనబడితే ఉపేక్షించరాదు.

సంఘాలు చేయవలసిన పని

టీకాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. పాలు విరిగిపోకుండా చల్లార్చి కాపాడడం తెలిసిన మన కార్యదర్శులకు ఈ శ్రద్ధ విలువ వేరే చెప్పనక్కరలేదు. గ్రామంలో టీకాల రోజు ఏ తేదీన వచ్చేదీ ఎ.యన్.యం.ను అడిగి పాల కేంద్రం పలకపై వ్రాసి ఉంచండి. ఉదయం, సాయంత్రం ఊరంతా కలిసే చోటు అదే గదా. తెల్లకార్డుల ఇంటినుండి, పచ్చికార్డుల ఇంటినుండి అనే భేదం లేకుండా ఏడాదిలోపు బిడ్డ ఉన్న ప్రతి సభ్యుని ఇంటికి ఒక మాట చేరవేయండి. గొంతువాపు టీకాలకు పశువులను ఒకచోట చేర్చే రోజున, ఇంట్లోని బిడ్డ టీకా కార్డును కూడ తీసి చూడమని సభ్యులకు గుర్తు చేయండి.

వచ్చే మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏ వైరస్ వస్తుందో కూడ చెప్పలేరు. వచ్చిన తరువాత దానికి టీకా తయారు కావడానికి నెలలు పడుతుంది. కాని దాని వెనుక వచ్చే తోడుదొంగ మాత్రం మనకు నూటనలభై ఏళ్ళుగా తెలిసినవాడే. వాడికి వేయవలసిన తాళం ఇప్పుడే, మన ఊరిలోనే దొరుకుతున్నది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడంకంటే, వానలకు ముందే పశువుకు టీకా వేయించే మన అలవాటును ఇంటి మనుషులకు కూడ పాటించవలెనని సభ్యులందరినీ కోరుతున్నాము.